అవసర్ నహీ

బొగ్గుపొడిలో పేడ ఎక్కువైతే ఉండ ఆరాక పగులుతుంది. తక్కువైతే సిగిడీ పొయ్యిలో పడగానే విడిపోయి మంటను నొక్కేస్తుంది. ఎంత కలపాలో రమణమ్మ వేళ్లకే తెలుసు. నాలుగు రోజుల ముసురు తరవాత ఆ సోమవారం ఎండ కాసింది. భిలాయి సెక్టర్ ఆరు క్వార్టరు వెనక జాగాలో గొంతుక్కూర్చుని, ఉండ చుట్టి, అరచేతిలో ఒకసారి తిప్పి, గోడ వెంట వరసగా పెడుతోంది. గుమ్మానికి అడ్డం పెట్టిన పీట వెనక పదకొండు నెలల గౌరి బోర్లాపడి, చెంచాతో నేలమీద కొడుతోంది. కొట్టినప్పుడల్లా రమణమ్మ భుజాలు బిగుసుకుంటున్నాయి. లోపల పైడిరాజు పడుకున్నాడు. ఈ వారం అతనికి సీ షిఫ్టు. రాత్రంతా ఉక్కు కార్ఖానాలో కోక్ ఓవెన్ల దగ్గర పని, పొద్దున్న ఆరింటికి సైకిలు దిగి, కాళ్లు కడుక్కుని, నాలుగు ముద్దలు తిని పడుకుంటే మళ్లీ సాయంత్రమే లేవడం.

"ఏయ్ రమణమ్మా, సున్ రహీ హై? వింటున్నావా?" పక్కింటి గోడమీంచి కామాక్షమ్మ తల పైకి లేచింది. దుర్గ్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. ఆమె నోట్లో తెలుగుకి హిందీ, హిందీకి తెలుగు అడ్డం పడుతుంటాయి.

"మెల్లిగా పిన్నీ. లేచిపోతాడు."

"నీ మొగుడా లేచేది? ఓవెన్ తలుపు మీద పడినా లేవడు. వినవే. బళ్లో ఆడవాళ్లకి క్లాసు పెడుతున్నారంట. మధ్యాన్నం రెండు నించి నాలుగు. ఐదో తరగతి దాటినవాళ్లు చేరొచ్చు. ఏడాది చదివితే ఎనిమిదో క్లాసు పరీక్ష రాయిస్తారు. అది పాసైతే బాల్‌మందిర్‌లో చిన్నపిల్లలకి టీచరమ్మ పనికి తీసుకుంటారట. తివారీ దీదీ అని ఒకావిడ ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటోంది. నువ్వు ఏడు పాసయ్యావు కదే?"

రమణమ్మ చేతిలో ఉండ రెండు ముక్కలైంది.

"ఎనిమిదిలో కూడా ఇరవై రోజులు కూచున్నాను," అంది.

ఆ ఇరవై రోజుల్లో తెలుగు వాచకం మూడో పాఠం దాకా వెళ్లింది. ఆ పాఠంలో, అవతలి ఒడ్డున బడికి వెళ్లడానికి ఒక పిల్ల నిండుగా పారుతున్న ఏట్లో పడవెక్కింది. అక్కడ పేజీ అయిపోయింది, గంట కొట్టారు. మర్నాడు రమణమ్మకు పెళ్లిచూపులు. పుస్తకం ఇంట్లోనే ఉంది కదా, తీరికయ్యాక చదువుకుందాం అనుకుంది. తీరికయ్యే సరికి తమ్ముడు తాతబ్బాయి ఆ కాగితాలు గాలిపటాలకు చింపేశాడు. ఆ పిల్ల ఒడ్డు చేరిందో లేదో ఆరేళ్లయినా రమణమ్మకు తెలియదు. గిన్నెలు తోముతూ ఒకరోజు చేర్చేది, ఒకరోజు పడవను మధ్యలోంచి వెనక్కి తిప్పించేది.

విడిపోయిన ముక్కలు మళ్లీ కలిపి ఉండ చుట్టింది. అది గుండ్రంగా రాలేదు.

సాయంత్రం పైడిరాజు అన్నం ముందు కూర్చున్నాడు. మంచి ఒడ్డూపొడుగూ ఉన్నవాడు. చేతుల మీద వెంట్రుకలు ఓవెన్ల వేడికి కాలి నున్నగా ఉంటాయి. గౌరి వచ్చి అతని తొడ పట్టుకుని లేచి నిలబడింది. దాని నోట్లో ఒక మెతుకు పెట్టాడు. మనిషి మెత్తగా ఉన్నాడని చూసి రమణమ్మ చెప్పింది. క్లాసు సంగతి, వేళ, పరీక్ష, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి, మజ్జిగ పోసింది.

"నాకు పగలు నిద్దర. గుంట ఏడిస్తే ఎవులు సూత్తారు?"

"కామాక్షమ్మ పిన్ని చూస్తానంది మావా. మధ్యలో పాలకి ఒకసారి వచ్చి..."

"ఆ మాట సరే. అసలు నీకేటవసరం?"

రమణమ్మ మజ్జిగ చెంబు కింద పెట్టింది. బియ్యం అవసరం. బొగ్గు అవసరం. పిల్లకి గ్రైప్ వాటరు అవసరం. చదువు అవసరమా అంటే, అది లేకుండా ఆరేళ్లు బతికి, ఒక బిడ్డను కని పెంచుతున్న మనిషి ఏమని చెబుతుంది?

"సూడు," పైడిరాజు గొంతులో కోపం లేదు. పని ముగించేసే తొందర ఉంది. "ఆయమ్మొస్తే అవసరం నేదని సెప్పీ. అంతే."

మంగళవారం పదకొండింటికి ఆయమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. తెల్లచీర అంచుకి బురద, చేతిలో గొడుగు, చంకలో అట్ట వేసిన రిజిస్టరు. అన్ని గుమ్మాలూ దాటి ఇక్కడికి వచ్చేసరికి ఆమెకు దాహం వేస్తున్నట్టుంది. రమణమ్మ మంచినీళ్లిచ్చింది. లోపలి గదిలో పైడిరాజు గురక వినిపిస్తోంది. ఇద్దరూ వరండాలో గొంతులు తగ్గించుకుని మాట్లాడుకున్నారు.

ఎంతవరకు చదివావని అడిగింది దీదీ. రమణమ్మ ఏడు వేళ్లు చూపించింది. ఎందుకు మానేశావంది. పెళ్లి అనే మాట రమణమ్మకు హిందీలో వచ్చు. "షాదీ," అంది. దీదీ తల ఊపి, రిజిస్టరు తెరిచి, క్లాసుకి వస్తావు కదా అన్నట్టు ముఖంలోకి చూసింది.

రమణమ్మ ఆ జవాబును రాత్రే తయారుచేసి పెట్టుకుంది. భిలాయి వచ్చిన రెండేళ్లలో ఆమె సొంతంగా కనిపెట్టిన సూత్రం ఒకటుంది. తెలుగు మాట చివర సున్నా తీసేస్తే హిందీ అయిపోతుంది. పుస్తకం పుస్తక్. నగరం నగర్. సమయం సమయ్. బజారులో చాలాసార్లు పనిచేసింది. తప్పిపోయినప్పుడు కూరగాయలవాడు నవ్వేవాడు, అంతే.

"అవసర్ నహీ హై, దీదీ," అంది నేల చూస్తూ.

దీదీ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. సరే అని లేచి వెళ్లిపోతుందనుకుంది రమణమ్మ. ఆమె లేవలేదు. నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, కాస్త ముందుకు జరిగి, బొగ్గుమసి ఇంకా వదలని రమణమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"అబ్ హై, బహెన్," అంది. "అబ్ హై."

ఇప్పుడు ఉంది. ఆ రెండు మాటలూ రమణమ్మకు బాగానే తెలుసు. ఇప్పుడు అవసరం ఉంది అంటోంది ఈవిడ. ఎంత నమ్మకంగా అంటోంది! నిన్నటి నుంచి తను వెతుకుతున్న జవాబు, ఎండలో తిరిగి వచ్చిన ఈ పరాయి మనిషి తన చెయ్యి పట్టుకుని చెబుతోంది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే గౌరి ముక్కు తుడిచే నెపంతో పక్కకి తిరిగింది. దీదీ పేరు అడిగింది. మొగుడి పేరు అడిగింది. క్వార్టరు నంబరు రాసుకుంది. శనివారం రెండు గంటలకి రమ్మని చెప్పి, గొడుగు విప్పుకుని, పక్క లైనులోకి వెళ్లిపోయింది.

అప్పుడు వచ్చింది రమణమ్మకు అనుమానం. కాదన్నదాని పేరు ఆమె ఎందుకు రాసుకుంది?

కామాక్షమ్మ విని, గోడ పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "అయ్యో పిచ్చితల్లీ! హిందీలో అవసర్ అంటే అవసరం కాదే. మౌకా. ఛాన్సు. చదువుకోడానికి నాకు వీలు దొరకలేదమ్మా అని నువ్వు చెప్పావు. పాపం ఆ దీదీ ఏడుపు మొహం పెట్టి, ఇప్పుడు దొరికిందిలే చెల్లీ అంది. అవసరం లేదనాలంటే జరూరత్ నహీ అనాలి. జరూరత్!"

రమణమ్మ నవ్వలేదు. సిగిడీ మీద పప్పు పొంగి మంటమీద పడింది. దాన్ని దించడానికి వెళ్లి, దించి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మొగుడు చెప్పమన్నదే తను చెప్పింది. ఒక్క అక్షరం మార్చలేదు. దీదీ విన్నదాంట్లోనూ అబద్ధం లేదు.

"వెళ్లి సరిచేసుకుని రా పో. బడి ఎంత దూరం?" అంది కామాక్షమ్మ.

"రేపు వెళ్తాను పిన్నీ. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు."

బుధవారం వెళ్లింది. గౌరిని చంకన వేసుకుని, జరూరత్ నహీ, జరూరత్ నహీ అనుకుంటూ మూడు లైన్లు దాటింది. వీధి కుళాయి దగ్గర ఎవరిదో బిందె నిండి పొంగిపోతోంది. ఆ బిందె పక్కకు తీసి, కుళాయి కట్టేసి, వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. ఎందుకు వచ్చేసిందని తనను తాను అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది.

గురువారం తెల్లవారేసరికి గౌరికి విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నం లోపే మూడుసార్లు అయింది. పళ్లొచ్చే బిడ్డలకి మామూలే అని కామాక్షమ్మ చెబుతున్నా రమణమ్మ చెవికెక్కలేదు. మొగుడికి తెలియకుండా ఒక మాట కడుపులో దాచుకున్నందుకు బిడ్డ కడుపు ఇలా అయిందేమో. వాము నీళ్లు కాచి చెంచాతో పట్టింది. పిల్ల మాడు మీద చెయ్యి పెట్టి చూసింది. గుడ్డలు ఉతికింది, ఆరేసింది, మళ్లీ మాడు మీద చెయ్యి పెట్టింది. మధ్యాహ్నానికి గౌరి తేరుకుని, బొగ్గు ఉండ ఒకటి అందుకుని నోట్లో పెట్టబోయింది. దాని నల్లటి పిడికిలి చూశాక రమణమ్మకు ఊపిరి వచ్చింది.

రెండింటికి గౌరిని గోడమీంచి కామాక్షమ్మకు అందించింది. "ఒక్క గంట చూడు పిన్నీ. ఉంటుందో ఉండదో చూద్దాం."

"ఎక్కడికే?"

"ఎక్కడికీ కాదు. ఇంట్లోనే."

ఇంట్లోకి వచ్చి గోడకి వీపు ఆనించి కూర్చుంది. గదిలో పైడిరాజు నిద్ర. గోడ అవతల గౌరి కాసేపు ఆడింది, కాసేపు రాగం తీసింది, తరవాత గట్టిగా ఏడ్చింది. రమణమ్మ లేవలేదు. చీర కుచ్చెళ్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కామాక్షమ్మ ఏదో హిందీ జోలపాట మొదలుపెట్టింది. ఏడుపు సన్నగిల్లింది. గంట అయిందో కాలేదో, ఇక ఉండలేక పరుగెత్తింది. పిల్ల కామాక్షమ్మ ఒళ్లో నిద్రపోతోంది.

"ఉండింది కదే," అంది కామాక్షమ్మ. "ఉండలేంది నువ్వే."

శుక్రవారం పొద్దున్న పైడిరాజు సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి కొట్టాడు. బూట్లు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మొహం మీద మసి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి కేంటీన్లో జోగయ్య అందరి ముందరా ఏటన్నాడో తెలుసా? 'ఏట్రా పైడిరాజూ, నీ ఆడది బళ్లో సేరిందట గదా, ఇంక నువ్వు గుంటకి ఉగ్గు పట్టి, మూతి తుడవడం నేర్సుకో' అన్నాడు. ఆడి పెళ్లాం పేరూ ఆ పుస్తకంలో ఉన్నాదట. నీ పేరు పైన ఉన్నాదట. అవసరం నేదని సెప్పమన్నానా నేదా?"

"అన్నావు."

"మరేటి సెప్పినావు?"

"అదే చెప్పాను మావా. అవసర్ నహీ అన్నాను."

"మరి పేరెలాగ రాసింది?"

రమణమ్మ చెప్పింది. సున్నా తీసేసిన సంగతి, కామాక్షమ్మ పిన్ని చెప్పిన అర్థం, దీదీ అన్న మాట, అన్నీ. పైడిరాజు వింటూ వింటూ గోడకి చేరగిలబడ్డాడు. అతని మూతి ఒక పక్కకి కదిలింది. నవ్వు వస్తోందని రమణమ్మ అనుకుంది. అతను దాన్ని తుడిచేసినట్టు చేత్తో మొహం తుడుచుకున్నాడు. మసి ఇంకొంచెం పులుముకుంది.

"మంగళవారం జరిగింది. ఇయ్యాల శుక్కురారం. తప్పు మాటని తెలిసినాక ఎళ్లి దిద్దుకోవచ్చు గదా?"

రమణమ్మ వంగి అతని బూట్ల లేసులు విప్పబోయింది. పైడిరాజు కాలు వెనక్కి తీసుకున్నాడు.

"రేపు నేనే ఒస్తాను. పేరు కొట్టించుకుని ఒద్దాం. నీ హిందీ ఒద్దు, నా హిందీ సాలు."

శనివారం అతను ఏడింటికి పడుకుని ఒంటిగంటకే లేచాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. రమణమ్మ గౌరిని ఒళ్లో పెట్టుకుని సైకిలు వెనక సీటు మీద కూర్చుంది. పొద్దుటి ఏ-షిఫ్టు వదిలిన వాళ్ల సైకిళ్లు అప్పుడే మొదలయ్యాయి. ఒకరిద్దరు చెయ్యెత్తి పలకరించారు. పైడిరాజు తల మాత్రం ఊపాడు.

పిల్లలు వెళ్లిపోయిన బడి వరండాలో తాటాకు చాపలు పరిచి ఉన్నాయి. ఇరవై మంది దాకా ఆడవాళ్లు. జడలు వేసుకున్న పంజాబీ అమ్మాయిలు, ఎర్రంచు చీర బెంగాలీ ఆవిడ, తల మీద ముసుగు జార్చని ఛత్తీస్‌గఢీ అవ్వ కూడా ఉంది. జోగయ్య పెళ్లాం అప్పలనరసమ్మ ముందు వరసలో కూర్చుని, రమణమ్మను చూసి పక్కకి జరిగి చోటు చూపించింది. రమణమ్మ చూడనట్టు నిలబడింది.

పైడిరాజు చెప్పులు మెట్ల కింద విడిచి, చేతులు కట్టుకుని, "దీదీ, నామ్ కాట్‌నా హై," అన్నాడు. పేరు కొట్టెయ్యాలి. ఇంట్లో చిన్నపిల్ల, నాకు షిఫ్టు డ్యూటీ, అని కూడా తన కార్ఖానా హిందీలో చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

దీదీ రమణమ్మ వైపు చూసింది. రమణమ్మ చాప అల్లిక చూస్తోంది. జరూరత్ నహీ అనే మాట ఆమె నాలుక చివరే ఉంది. అది అక్కడే ఉండిపోయింది.

"ఠీక్ హై," అంది దీదీ. రిజిస్టరు పై ఆఫీసుకి వెళ్లి ముద్ర పడి వచ్చిందనీ, తన ఇష్టానికి పేరు కొట్టడానికి లేదనీ, దరఖాస్తు కావాలనీ చెప్పింది. హిందీలో రాయాలి. పేరున్న మనిషో, ఆమె భర్తో తమ చేత్తో రాయాలి. కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక తెల్లకాగితం, పెన్సిలు బల్ల మీద పెట్టింది.

పైడిరాజు కాగితం వైపు చూశాడు. అతనికి వచ్చినవి నాలుగు అక్షరాలు. పైడిరాజు అనే పేరు, అది కూడా తెలుగులో. పెళ్లయిన కొత్తలో, వేలిముద్ర వేస్తుంటే జనం నవ్వుతున్నారని చెప్పుకుంటే, రమణమ్మే పిండి మీద రాయించి రాయించి నేర్పింది. "డి"కి గుడి పెట్టడానికి అతనికి పదిహేను రోజులు పట్టింది.

"నువ్వు రాయి," అన్నాడు రమణమ్మతో.

"నాకు హిందీ రాయడం రాదు మావా."

"దీదీ, ఆప్ లిఖ్ దో," మీరే రాసెయ్యండి అన్నాడు.

"పేరు రాసిన చేత్తో నేనే ఎలా కొట్టెయ్యను భయ్యా?" అని, దీదీ కాసేపు ఆలోచించి ఒక దారి చెప్పింది. నల్లబల్ల మీద నాలుగు వాక్యాలు రాస్తుంది. అక్షరాలు రాకపోయినా బొమ్మ చూసి గీసినట్టు రమణమ్మ కాగితం మీద దింపొచ్చు. పది నిమిషాల పని. రాసింది కూడా. పైన గీత గీసి, దాని కింద వేలాడుతున్న అక్షరాలు, వరసగా, ఆరేసిన బట్టల్లా.

పంజాబీ అమ్మాయిలు గుసగుసలు మానేశారు. పైడిరాజు గౌరిని తన భుజం మీదకి తీసుకున్నాడు, పెళ్లానికి రాయడానికి చేతులు ఖాళీ కావాలని.

రమణమ్మ పెన్సిలు తీసుకుంది. ఆరేళ్ల తరవాత వేళ్ల మధ్యకి వచ్చిన పెన్సిలు. నల్లబల్ల వైపు చూసింది. మొదటి అక్షరం చూసింది. దాన్ని గీయడం ఏమంత కష్టం కాదు, ముగ్గు కన్నా సులువు. కాగితం మీద పెన్సిలు ఆనించింది. తరవాత తీసేసి బల్ల మీద పెట్టింది.

"నేను రాయను," అంది.

"ఏటి?"

"అందులో ఏముందో నాకు తెలీదు మావా. చదవలేని కాగితం కింద నా పేరు పెట్టను. చదవడం వచ్చాక నేనే రాసిస్తాను. నువ్వు చెప్పినట్టే రాస్తాను. నా పేరు నేనే కొట్టేసుకుంటాను." పెన్సిలును ఇంకొంచెం దూరం జరిపింది. "దొంగమాట కాదు. వచ్చాక రాస్తాను."

అప్పలనరసమ్మ కిసుక్కుమని, వెంటనే నోరు మూసుకుంది. తెలుగు తెలియని దీదీకి ఆమే హిందీలో చెప్పింది. దీదీ నవ్వలేదు. డస్టరు చేతిలోకి తీసుకుని, చెరిపేదా ఉంచేదా అన్నట్టు పైడిరాజు వైపు చూసింది.

పైడిరాజు నల్లబల్లను చూస్తున్నాడు. అతనికి అందులో ఒక్క గీతా తెలియదు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. గౌరి అతని చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని నములుతోంది.

"ఎన్నాళ్లకొస్తాది?" అన్నాడు చివరికి, దీదీతో హిందీలో కాదు, రమణమ్మతోనే. "అర్జీ రాయడం?"

రమణమ్మకు తెలియదు. అప్పలనరసమ్మ అడిగి చెప్పింది. "మూడు నెలలంట అన్నా. బుర్ర ఉంటే."

"బుర్రకేటి తక్కువ," అన్నాడు పైడిరాజు. మెట్లు దిగి చెప్పులు వేసుకున్నాడు. "మూడు నెల్లు. రాసీసి ఒచ్చీ." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "గుంటకి ఆకలేస్తే?"

"కామాక్షమ్మ పిన్ని దగ్గర గంజి ఉంది. గోరువెచ్చగా చేసి, పంచదార వెయ్యకుండా. విరేచనం అయితే వాము నీళ్లు సీసాలో..."

"తెలుసులే."

ఒక చేత్తో బిడ్డను భుజానికి అదుముకుని, ఒక చేత్తో సైకిలు నడిపించుకుంటూ గేటు దాటాడు. దీదీ నల్లబల్ల మీద రాసింది చెరిపి, పెద్దగా ఒక్క అక్షరం రాసింది. అందరూ ఒక్క గొంతుతో "అ" అన్నారు. తెలుగు అ లాగే పలికే, తెలుగు అ లా ఏమాత్రం లేని అక్షరం. రమణమ్మ అప్పలనరసమ్మ పక్కన కూర్చుని దీదీ ఇచ్చిన పలక ఒళ్లో పెట్టుకుంది.

రోడ్డు మీదనుంచి గౌరి ఏడుపు వినిపించింది. అమ్మ వెనక లేదని ఇప్పుడే తెలిసినట్టుంది. రమణమ్మ రొమ్ములు చేపుకొచ్చి రవిక తడిసింది. పైట లాగి గట్టిగా కప్పుకుంది. లేవాలని మోకాళ్లు కదిలాయి. లేవలేదు. వదిలిన షిఫ్టు సైకిళ్ల గంటల మధ్య ఆ ఏడుపు సన్నగా, ఇంకా సన్నగా వినిపిస్తోంది. చెవులు రిక్కించి విన్నది. ఏడుపు ఆగిందో, దూరమే అయిందో, ఇక తెలియలేదు. అప్పుడు బలపం తీసుకుంది.